అక్షరములలో నుండి వచ్చిన బొమ్మలు

సూడాను దేశపు పిల్లలు చదువుకొను పలకను గూర్చి సోదరీమణులకు ముందుగా చెప్పవలసి యున్నది. అది మన రాతిపలక వంటిది కాదు, చెక్కపలక. అరబ్బీ భాషలో దానిని 'లౌహ్' అందురు. మసిలో తుమ్మబంక కలిపి సిరా చేసికొని, రెల్లుపుల్లను చెక్కి కలము చేసికొని, బాలుడా పలకపై ఖురాను వాక్యములు వ్రాసికొనును. అవి కంఠస్థ మగు వఱకు వల్లించును. పాఠము వచ్చినంతనే పలకను కడిగివేసి వేఱొక పాఠము వ్రాసికొనును. ఆ కడిగిన నీటిని పవిత్రమని యెంచి త్రాగుట అక్కడి పల్లెలలో గలదు. ఇంటిలో నెవరికైనను జబ్బు చేసినచో గురువు పలకపై నొక వాక్యము వ్రాసి, నీటితో కడిగి, ఆ నల్లని నీరు గిన్నెలో పట్టి యిచ్చును. దీనికి 'మిహాయా' యని పేరు. అక్షరమును కంటితో చదివి, నోటితో పలికి, తుదకు కడుపులోనికి గూడ పుచ్చుకొను జనులన్న మాట. కాలు తగిలిన పుస్తకమును కన్నుల కద్దుకొను మనకీ సంగతి యంత వింతగా దోపదు.

ఇట్టి పలకల నడుమ పెరిగిన వారు ఇబ్రాహీం అల్ సలాహీ యను చిత్రకారులు. 1930వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన ఆమ్‌దుర్మాన్ నగరమున జన్మించిరి. తెల్లనైలు, నీలినైలు అను రెండు నదులు కలిసి యొక్కటిగా ప్రవహించు చోట, ఖార్టూము నగరమున కెదుటి గట్టున నున్న యూరది. తండ్రిగారు ఖురాను పాఠశాల నడిపెడివారు. సలాహీగారు చదువును, చేవ్రాతయు నచ్చటనే నేర్చిరి. పాఠములలో నొక భాగము ముగించిన పిల్లవాని పలకను రంగులతో, అంచులతో నలంకరించు వేడుక యొకటి ఆ దేశమున నున్నది. మన సలాహీగారి చిత్రలేఖనమునకు ఆ పలకల మీది యలంకారములే శ్రీకారము.

సూఫీ భక్తిమార్గము సూడానులో మిక్కిలి లోతుగా వేరూనినది. ఆమ్‌దుర్మానులో హమీద్ అల్ నీల్ అను మహాత్ముని సమాధి గలదు. శుక్రవారము సాయంకాలమున దరవేషు లక్కడ గుమిగూడి, ఆకుపచ్చని, ఎఱ్ఱని వస్త్రములు ధరించి, డప్పుల మ్రోతకు దేవుని నామము జపించుచు గిరగిర తిరుగుట ఆ యూరి చిరకాలపు వాడుక. దీనిని 'జిక్ర్' అందురు; స్మరణ యని యర్థము. నామమును పదింబది యనుచుండగా ముందు అర్థము వెనుకబడి నాదము మిగులును. పిమ్మట నాదము గూడ నెక్కడికో పోవును. మన భజనలలో తెల్లవారు వఱకు కూర్చున్న పెద్దలకీ యనుభవము తెలియనిది కాదు. సలాహీగారి చిత్రములను చూచువారు ఈ స్మరణ మాటను మఱవరాదు.

ఖార్టూములో కొంత చిత్రకళ నేర్చిన పిదప ఆయన 1954లో విద్యార్థి వేతనముపై లండను నగరమునకు పోయి, స్లేడ్ చిత్రకళాశాలలో 1957 వఱకు చదివిరి. ఆయన యచ్చట నుండగానే 1956 జనవరి 1వ తేదీన సూడాను స్వతంత్ర మయ్యెను. ఐరోపా పద్ధతిని మనుష్యుల రూపములను, బల్లపై నుంచిన పండ్లను, పాత్రలను నూనెరంగులలో దిద్దుట చక్కగా నభ్యసించి, తిరిగి వచ్చి ఖార్టూములో చిత్రకళోపాధ్యాయులైరి. నేర్చిన విద్యను తన వారికి జూపవలె నను నుత్సాహముతో నైలునది యొడ్డున గల గ్రాండు హోటలులో చిత్రప్రదర్శన మొకటి యేర్పాటు చేసిరి.

ప్రారంభమునాడు జనులు వచ్చిరి. చల్లని పానీయములు పుచ్చుకొనిరి. మఱునాటి నుండి యొక్కరును రాలేదు. మఱల ప్రదర్శించి చూచిరి. మఱల నదే గతి.

ఇక్కడ మేము కొంచెము నిలువ గోరుచున్నాము. పరదేశములలో పెద్దచదువు చదివి వచ్చినవారు, తమ విద్యను తమ వారు మెచ్చనప్పుడు సామాన్యముగా నేమందురో మన మెఱుగుదుము. 'ఈ జనులకు రుచి లేదు, నాగరకత లేదు' అందురు. మా బంధువర్గములోనే యిట్టి మాటలు విని యుంటిమి. అతిథి కంచములో నన్నము విడిచి లేచినప్పుడు అతిథినే తప్పుపట్టు గృహిణి యుండును; లోనికి పోయి వంటను మఱల రుచి చూచుకొను గృహిణియు నుండును. సలాహీగారు ఈ రెండవ జాతివారు. కుంచె ప్రక్కన బెట్టి, కొంతకాలము చిత్రములు వ్రాయుటయే మాని, దేశము తిరిగిరి. నా వారు తమ యిండ్లలో నేమి యుంచుకొనుచున్నారు, వేనిని చూచి సంతోషించుచున్నారు అని వెదకిరి. గోడల మీది చక్కని ఖురాను వ్రాతలు కంటబడినవి. చేతిపనులు కంటబడినవి. ఆ దేశపు స్త్రీలు ఆకులకు రంగులద్ది, అన్నపు పళ్ళెములపై బోర్లించు మూతలను ఎంతో నేర్పుతో నల్లుదురు. ఒక్కొక్క మూత యొక్కొక్క చిత్రము. చట్రము కట్టి గోడకు తగిలింపనంత మాత్రమున దానిని కళ కాదనుట మాకెప్పుడును సమ్మతము గాదు. మన ముంగిటి ముగ్గులను గూర్చియు నిట్లే యనువా రున్నారు.

ఎల్లరి యిండ్లలో నున్నది, ఎల్లరకు ప్రియమైనది అక్షరమని సలాహీగారికి స్పష్ట మయ్యెను. అంతట తన చిత్రముల మూలను, తపాలాబిళ్ళ యంత చోటున, చిన్న యరబ్బీ వ్రాత యొకటి చేర్చిరి. చూచువారు కొంచెము దగ్గఱకు వచ్చిరి. వ్రాతను చిత్రమంతట పఱచిరి. వా రింకను దగ్గఱకు వచ్చిరి. అటుపిమ్మట ఆయన చేసినది సాహసమే. కుట్టిన రవికను కుట్లు విప్పి, ముక్కలు నేల పఱచి, ఏ ముక్క యెక్కడ నతికినదో చూచినట్లు, అక్షరములను గీతలుగా, వంపులుగా, చుక్కలుగా విప్పివేసిరి. ఈ గుర్తుకు అర్థము నిచ్చున దేది, అర్థము రాకమునుపు అక్కడ నేమున్నది అని చూచిరి. అట్లు విప్పగానే ఆ ముక్కల నడుమ నుండి మనుష్యులు, జంతువులు, మొక్కలు బయటికి రాజొచ్చెనని ఆయనయే తరువాత చెప్పియున్నారు.

అరబ్బీ రాని మనకీ మర్మము తెలియుటకు రెండు మూడక్షరములు చాలును. 'అలిఫ్' అనునది వట్టి నిలువుగీత. సూఫీలకది ఏకేశ్వరునికి గుర్తు. సలాహీగారి చిత్రములలో సన్నగా, పొడవుగా, కదలక నిలుచున్న మూర్తులను చూచినప్పుడెల్ల మాకా గీతయే జ్ఞప్తికి వచ్చును. 'నూన్' అనునది దోనె వంటిది. పైన నొక చుక్క. ఆ చుక్కను కన్నుగా భావించినచో దోనె మొగమగును. 'ఐన్' పదము మొదట వచ్చినప్పుడు నోరు తెఱచిన పిట్టపిల్ల వలె నుండును. రంగులను గూడ ఆయన తగ్గించుకొనిరి. ఎఱ్ఱమన్ను, పసుపుమన్ను, నలుపు, తెలుపు: తన దేశపు నేలలో నున్నవి యవియే కదా యని. 1961లో మొదలిడి 1965లో ముగించిన పెద్ద చిత్ర మొకటి గలదు. ఎనిమిదిన్నర యడుగుల పొడవు, ఇంచుమించుగా నంతే వెడల్పు గల నూలుబట్ట. 'చిన్ననాటి కలల ధ్వనులు మఱల పుట్టినవి' అని దాని పేరునకు అర్థము. కోలమొగములు, గుంటకన్నులు గల ఆకారములు చీకటిలో నుండి మెల్లమెల్లగా నెదుటికి వచ్చుచున్నట్లుండును. పిల్లలు భయపడుదురేమో, మాకు మాత్రము నిదుర పట్టని రాత్రి యింటిలో వినబడు చప్పుళ్ళు గుర్తునకు వచ్చినవి. ఆ చిత్ర మిప్పుడు లండనులోని టేట్ వారి సంగ్రహమున నున్నది. వారే 2013లో సలాహీగారి జీవితకాలపు చిత్రములను గొప్పగా ప్రదర్శించిరి. అప్పటికాయన యెనుబది మూడవ యేట నుండిరి.

ఈ మార్గమున నడచినవా రాయన యొక్కరే కారు. ఉస్మాన్ వకీఅల్లా (1925-2007) అను లేఖనకళానిపుణు లంతకు ముందే అరబ్బీ చేవ్రాతను నూతన చిత్రకళలోనికి దెచ్చిరి. అహ్మద్ షిబ్రెయిన్ మఱియొకరు. ఈ బృందమునకు 'ఖార్టూము సంప్రదాయము' అను పేరు వచ్చినది. మన సోదరీమణులు విని సంతోషింపదగిన పేరు ఇంకొకటి గలదు: కమలా ఇబ్రాహీం ఇస్‌హాక్. పేరు విని మన కమల యనుకొందురేమో. 1939లో సూడానున బుట్టిన విదుషి. ఈమె పురుషుల యక్షరమార్గమును విడిచి, అక్కడి స్త్రీలు తమలో తాము జరుపుకొను 'జార్' అను వేడుకను చిత్రించిరి. డప్పులు, ధూపము, పూనకము. కడుపులోని దుఃఖము నోట వెడలుటకు వేఱు దారి లేని స్త్రీల వేడుక యది. ఈమెను గూర్చి వేఱొకప్పుడు విపులముగా వ్రాయుదుము.

సలాహీగారి చిత్రములను మేము కన్నులార చూచినది 2018వ సంవత్సరమున. అమ్మాయి రెండవ కాన్పునకై మేమప్పుడు ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు పట్టణమున నుంటిమి. సలాహీగారు 1998లో వచ్చి స్థిరపడినదియు నా పట్టణముననే. అక్కడి ఆష్మోలియన్ ప్రదర్శనశాలలో వారి చిత్రములను, వాని సరసనే సూడాను దేశపు ప్రాచీన మృత్పాత్రలను ఆ యేడు ఉంచిరి. అమ్మాయికి నెలలు నిండియుండుటచే రాలేదు. అల్లుడు మమ్మును, ఆఱేండ్ల మనుమరాలిని వాకిట దింపి పోయెను. పిల్ల యొక నల్లసిరా చిత్రము నెదుట నిలిచి, 'అమ్మమ్మా, ఇందులో నేమని వ్రాసి యున్నది?' అని యడిగెను. ఆ భాష మాకు రాదంటిమి. అయినచో చదువవలసిన పని లేదు కదా యని, అది తీరికగా చూడ మొదలిడి, పిట్ట యొకటి, కొమ్ముల మనిషి యొకడు, మఱియొక పిట్ట అని లెక్క పెట్టుకొనుచు పోయెను. అరగంటసేపు మా చేయి పట్టుకొని లాగిన పిల్ల కాదది!

మఱునాడు మేము బాలింత పథ్యమునకు వలయు సరకుల పట్టీ వ్రాయుచుంటిమి. పిల్ల వచ్చి ప్రక్కన గూర్చుండి, 'శొంఠి' అను మాటపై వ్రేలుంచి, 'దీనికి కన్నున్నది' అనెను. చూతుము గదా, ఠకారపు గుండ్రని పొట్టలో చుక్క కన్ను వలెనే మమ్ము జూచుచున్నది. పెన్సిలు దెచ్చి దానికి ముక్కును, రెండు కాళ్ళను దిద్దినది. మా అమ్మాయి యది చూచి నవ్వెను. నవ్వుచుండగానే కన్నుల నీరు తిరిగెను. 'అమ్మా, మన యక్షరములు దీనికి బొమ్మలై పోయినవి' అనెను. పిల్ల తెలుగు చక్కగా మాటలాడును. ఒక్క ముక్క చదువలేదు. అమ్మాయి యుద్యోగము, అల్లుని యుద్యోగము, అక్కడి బడి, అక్కడి హోమువర్కు, తప్పెవరిదని యెంచగలము?

ఆ రాత్రి యీ రెండు సంగతులును మా మనస్సులో నొకదాని ప్రక్కన నొకటి నిలిచినవి. అక్షరములో పిట్టను చూచుట సలాహీగారు చేసినదే, మా మనుమరాలును చేసినదే. కాని ఆయన అక్షరమును ముందు వల్లించి, దిద్ది, కడిగి, జీర్ణించుకొని, ఆ తరువాత విప్పిరి. కుట్టు తెలిసినవాని విప్పుట వేఱు. అర్థము తెలియకున్న నేమి, అందము చాలునని ఇట్టి చిత్రములను మెచ్చుకొను విమర్శకులతో మా కందుచేతనే పూర్తిగా పొసగదు. అందము మనకు జాలవచ్చును. అందులో ఆ చిత్రకారుని తండ్రి పాఠశాల యున్నది. మేమా చలికాలమంతయు పళ్ళెములో బియ్యము పోసి పిల్లచేత దిద్దించితిమి. 'అ' మొదలుకొని యకారము వఱకు వచ్చినది. పసిబిడ్డ పుట్టినది, మూడవ నెల వచ్చినది, మా వీసా గడువు తీఱినది. ఇప్పుడా పిల్ల పెద్దదైనది. తన పేరును, మా పేరును తెలుగున వ్రాయును. తక్కినవి మఱచినది.

చిత్రకారుల కథ యింకను గలదు. సలాహీగారు 1969 నుండి 1972 వఱకు లండనులోని సూడాను రాయబార కార్యాలయమున పనిచేసి, పిమ్మట స్వదేశమునకు పోయి, ప్రభుత్వమున సంస్కృతి శాఖను జూచు పెద్ద యుద్యోగ మందిరి. అప్పుడు దేశము నేలినవాడు నిమేరీ యను సైనికాధికారి. 1975 సెప్టెంబరున, ప్రభుత్వమును గూలద్రోయ యత్నించినవారితో సంబంధ మున్నదను నేరము మోపి, ఆయనను ఖార్టూములోని కోబర్ చెఱసాలలో బెట్టిరి. విచారణ లేదు. ఆఱు నెలలకు మించి యందుండిరి. చెఱలో కాగితము గాని, పెన్సిలు గాని యుండరాదు. దొరికినచో ఒంటరికొట్టు శిక్ష. అయినను ఆయన చిన్నచిన్న కాగితపు ముక్కలు సంపాదించి, వానిపై చిత్రములు గీచి, కావలివారు వచ్చుసరికి ఇసుకలో పూడ్చిపెట్టెడివారు.

అక్షరమును అంత ప్రేమించిన మనిషికి అక్షరము వ్రాయుటయే నేరమయ్యె నన్నమాట. విడుదలయైన పిదప ఆయన యొక నోటుపుస్తకము నిండ కలముతో, నల్లసిరాతో ఆ దినములను చిత్రించి, ప్రక్కన వ్రాతలు వ్రాసిరి. అది యిప్పుడు న్యూయార్కు నగరపు ఆధునిక కళాప్రదర్శనశాలలో నున్నది. 1977లో దేశము విడిచి కతారు రాజ్యమునకు పోయి యుద్యోగము చేసికొనిరి.

చెఱలోని కాగితపు ముక్కలు ఆయనకొక పద్ధతి నేర్పినవి. ఒక ముక్కపై బీజము వంటి చిత్ర ముండును, దానికి ప్రక్కన మఱియొక ముక్క చేర్చి పెంచవచ్చును, దానికింకొకటి. బొంత కుట్టు ముసలమ్మల కీ పద్ధతి క్రొత్త గాదు. 1984-85లో ఆయన యిట్లే తొమ్మిది పలకలు చేర్చి యొక మహాచిత్రము వ్రాసిరి. అంతయు నలుపు, తెలుపు. దాని పేరునకు 'అనివార్యము' అని యర్థము. బిగించిన పిడికిళ్ళు, ఎత్తిన చేతులు, మొగముల వెనుక మొగములు. 1985 ఏప్రిల్ 6వ తేదీన ప్రజలు వీథులలోనికి వచ్చిన యుద్యమము ఫలించి నిమేరీ పదవి కోల్పోయెను. సూడాను ప్రజలు నియంతల నుండి విముక్తులైన నాడు గాని ఆ చిత్రము తన దేశమునకు పోరాదని సలాహీగారి సంకల్పము. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలలో దానిని భద్రపఱచిరి.

చిత్రము వ్రాయుటకు ముందాయన ప్రార్థన చేసికొందురట. చిత్రము తనకొఱకు తానే రూపు కట్టుననియు, తాను దానికి చేయి యిచ్చువాడను మాత్రమే ననియు ఆయన భావము. మా చిన్నతనమున విగ్రహములు చెక్కు శిల్పులు గూడ నిట్లే యనగా వింటిమి. ముందు తనకొఱకు, పిమ్మట తన వారికొఱకు, ఆ పిమ్మట ఎల్లరకొఱకు చిత్రము వ్రాయవలెనని ఆయన చెప్పుదురు. గ్రాండు హోటలులో నాడు కరవైన దీ నడిమి మెట్టే.

వృద్ధాప్యమున ఆయన మనస్సును పట్టినది 'హరాజ్' అను చెట్టు. మన తుమ్మకు చుట్టరికము గలది. వానకాలమున చెట్లన్నియు చిగిర్చి పచ్చనగునప్పుడు ఇది యాకులు రాల్చి మోడువాఱి నిలుచును. ఎండలు మండి తక్కిన చెట్లు ఎండినప్పుడు ఇది పచ్చని నీడ నిచ్చును. సూడాను పశువుల కాపరులకు వేసవిలో దాని నీడయే దిక్కు, దాని కాయలే మేత. తన దేశపు జనుల మొండితనమును, ఓర్పును దానియందు చూచి, ఆయన యెన్నో యేండ్లు ఆ చెట్టునే మరలమరల చిత్రించిరి. నిలువు గీతలు, అడ్డు గీతలు, నడుమ రంగు గళ్ళు; నేతచీర యంచు వలె కొన్ని యుండును. 2023 ఏప్రిల్ 15వ తేదీన ఖార్టూములో రెండు సాయుధబలముల నడుమ యుద్ధము చెలరేగెను. ఆయన పుట్టిన ఆమ్‌దుర్మాను వీథులు గూడ రణరంగములయ్యెను. లక్షలకొలది తల్లులు బిడ్డలను చంకనిడుకొని యూళ్ళు విడిచిరి. అక్షరము దిద్దిన పలకలను చేతబట్టుకొని పోయిన పిల్లలెందఱో!

ఆయనకు నడుమునొప్పి, కాలి నరమును పట్టి లాగు నొప్పి ముదిరి, పెద్ద బట్టల యెదుట నిలుచుటకు వీలులేని దశ వచ్చెను. కుర్చీలో కూర్చుండి, ఖాళీ యయిన మందుపెట్టెలను విప్పి, వెనుకవైపున కలముతో చిత్రములు గీయ మొదలిడిరి. పాత కవరులు గూడ నందుకు పనికివచ్చినవి. గీయుచున్నంతసేపు నొప్పి జ్ఞప్తికి రాదు గనుక వానికి 'నొప్పి నివారణ' యని పేరు పెట్టిరి. పెద్దవారున్న ప్రతి యింటను బీరువా సొరుగులో నిట్టి పెట్టెలు పదియైన నుండును. మా సొరుగులోను గలవు. వానిలో కొన్ని చిత్రములను తరువాత పెద్ద బట్టలపైకి పెంచి ముద్రించిరి. మొదట గీచినవి మాత్రము అరచేతిలో నిముడునవి.